బెల్మీరో ఎక్కని మెట్టు

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. మాటకి కాళ్లుంటాయి, తిరగొద్దంటే ఆగదు. కానీ ఇది కుంటి మాట. కుంటి మాట ఇంటింటికీ పోయి కుర్చీ వేయించుకుని కూర్చుంటుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

మాట ఇదీ. మా మేడ పైవాటాలో ఉండే బెల్మీరోని బట్టకి రంగులద్దే మిల్లువాళ్లు మేస్త్రీగా రమ్మంటే వద్దన్నాడట. జీతం పెరిగితే పన్ను పై మెట్టు మీదికి పోతుందని, పెరిగిందీ పోయి ఉన్నదీ పోతుందని భయమట. పిసినారి కనుక కిందే ఉండిపోయాడట. మాంసం కొట్టు గిల్డా నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ దీనికి ఇంకో ముక్క తగిలించింది. పైకెళ్లినవాళ్లని చూసి కడుపుమంటే గానీ, తనకి వెళ్లే దమ్ము లేదని.

ఇందులో నిజం బొత్తిగా లేదనను. ఉంది, కానీ అది ఎన్నో ఏళ్ల కిందటి నిజం, పాచిపోయింది. ఇప్పటి సంగతి వేరు. అది తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే, ఎందుకంటే అడిగినదాన్ని నేను ఒక్కదాన్నే.

నేనుండేది కింది వాటా. ఈ ఫాల్ రివర్ ఊళ్లో మా వీధి మేడలన్నీ ఒకటే తీరు. ఒకదాని మీద ఒకటి మూడు చెక్క వాటాలు, వెనక మూడు వసారాలు, బట్టలారేయడానికి కప్పీ మీద తిరిగే తాళ్లు. పైకి పోయేవాళ్లెవరైనా నా తలుపు ముందు నుంచే పోవాలి. ఆ తలుపు ఎప్పుడూ కొంచెం తెరిచి ఉంటుంది, గాలికి.

బెల్మీరో మా అమ్మాయి ఒడెట్‌కి జ్ఞానస్నానపు తండ్రి, అది అతన్ని నాన్నా అనే పిలుస్తుంది. ఆ వరసన నన్ను వదినా అంటాడు. ఈ వారం మిల్లులో ఏ రంగు పరదాలు తయారవుతున్నాయో అతని గోళ్లు చూస్తే తెలిసిపోతుంది. ఆదివారం పూజకి ఎంత తోముకొచ్చినా గోటి అంచున ఆ రంగు ఉండనే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. "పెళ్లయినవాడికి పన్ను తగ్గుతుందటయ్యా, ఇప్పటికైనా చేసుకో" అని నేనంటే, "ఆ తగ్గింది ఆవిడ వసూలు చెయ్యదూ వదినా?" అనేవాడు. అంతే, నవ్వుకుంటూ మెట్లెక్కిపోయేవాడు.

అతని సంగతి చెప్పాలంటే గాస్పర్ సంగతి చెప్పకుండా కుదరదు. ఇద్దరిదీ ఫయాల్ దీవిలో ఒకే ఊరు, ఒకే గోడకి అటూ ఇటూ ఇళ్లు. సముద్రం ఉడికి, నీళ్లలోంచి నిప్పుల కొండ లేచి, నెలల తరబడి బూడిద కురిసినప్పుడు, బెల్మీరో కప్పు మీది బూడిద గాస్పర్, గాస్పర్ కప్పు మీది బూడిద బెల్మీరో ఎత్తిపోశారు. ఎవరి కప్పు వాళ్లు ఎత్తుకోవచ్చు కదా అని అడిగానొకసారి.

"సొంత కప్పెక్కితే ఏడుపొస్తుంది వదినా. పక్కవాడిదైతే పని జరుగుతుంది" అన్నాడు.

చివరికి రెండు కప్పులూ కూరుకుపోయాయి. ఇద్దరూ ఒకేసారి సముద్రం దాటి ఈ దేశానికి వచ్చారు, ఒకే మిల్లులో రంగు తొట్ల దగ్గర చేరారు. 'ఒరే' లేకుండా వాళ్ల నోట మాట మొదలయ్యేది కాదు. ఒరే ఉప్పందుకో. ఒరే వాన వచ్చేట్టుంది. ఒరే నీ మొహం. ఆ రెండక్షరాల మీదే బతికారు ఆ రోజుల్లో, ఇంగ్లీషు రాకపోయినా వాళ్లకి లోటు తెలియలేదు.

మిల్లులో తొట్ల పక్క నుంచి ఇనుప మెట్లు పైకి పోతాయి. పైన అద్దాల గది. మేస్త్రీ అక్కడ కూర్చుని కిందవాళ్లందరినీ చూస్తాడు. ఆ గదిలో కూర్చున్నవాణ్ణి మావాళ్లెవరూ నువ్వు అనరు. మీరు, గారు. నిన్నటిదాకా భుజం మీద చెయ్యేసి తిరిగినవాడైనా సరే, ఆ మెట్లెక్కాడంటే మీరే. ఎవరూ పెట్టిన నియమం కాదు ఇది. దీవి నుంచి దుప్పట్లూ గిన్నెలతో పాటు మూటకట్టి తెచ్చుకున్నాం, అంతే. ఆ మెట్ల కింద ఒక చెక్క బల్ల ఉంది. గాస్పరూ బెల్మీరో దాని మీద పక్కపక్కన కూర్చుని, ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్లు.

పాత మేస్త్రీ పోయినప్పుడు ఆ పని మొదట అడిగింది బెల్మీరోనే. అతను వద్దన్నాడు. అప్పుడు మాత్రం కారణం పన్నే, వీధిలో తిరిగే మాట అక్షరాలా నిజం. మిల్లులో అందరిదీ ఒకటే నమ్మకం. పన్నుకి మెట్లున్నాయి, పై మెట్టు మీద బొటనవేలు పెట్టినా మనిషి మొత్తాన్ని పై మెట్టు రేటుకి తూస్తారు, ఇంటికి తెచ్చేది మునుపటికన్నా తగ్గిపోతుంది. ఆ భయంతో శనివారం అదనపు పని వద్దని ఇంటికి పోయిన మగవాళ్లని నేనెరుగుదును, మా ఆయనతో సహా.

"గాస్పర్‌కిచ్చుకోండి" అన్నాడట బెల్మీరో.

"ఒరే, నువ్వు మునుగుతావని నన్ను తోస్తున్నావా?" అన్నాడు గాస్పర్.

"మునిగితే నా డబ్బాలో తిందువుగానిలే, ఎక్కు."

గాస్పర్ ఎక్కాడు. మునగలేదు. కొండ మీది వీధిలో ఇల్లు కొన్నాడు, ముందర నీలిపూల కంచె వేశాడు, అచ్చం ఫయాల్‌లో వేసినట్టు. అయినా ఒకటి రెండేళ్లు ఏమీ మారలేదు. మధ్యాహ్నం కాగానే దిగొచ్చి అదే బల్ల మీద కూర్చునేవాడు. మిల్లంతట్లోనూ ఆ అద్దాల గదిలోకి 'ఒరే' అంటూ వెళ్లేవాడు బెల్మీరో ఒక్కడే. మిగతావాళ్లు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు. కొందరికి ముచ్చట కాకుండా ఇంకేదో కలిగేది, దానికి పేరు పెట్టను.

చెడింది పండగనాడు. పరిశుద్ధాత్మ పండగకి మా సంఘం హాల్లో అందరికీ ఒకే గంగాళంలోంచి మాంసం పులుసు, నానబెట్టిన రొట్టె, పుదీనా ఆకు. ఆస్తిపరుడికీ అదే, అడుక్కునేవాడికీ అదే. గరిటె నా చేతిలో ఉంది గనుక ప్రతి మాటా విన్నాను.

మాట పన్నుల మీదికి పోయింది. గాస్పర్ అప్పటికి రెండు గ్లాసులు తాగాడు.

"కొండెక్కేవాడి నెత్తిన రాయి పెడతార్రా" అన్నాడు. "ఇంకో అడుగేస్తే ఇంకా పెద్ద రాయి. కింద కూర్చున్నవాడి నెత్తిన గులకరాయి కూడా ఉండదు. ఇదెక్కడి న్యాయంరా?"

"పైకెళ్లినవాడికి మెడ బలంగా ఉంటుంది కదరా" అన్నాడు బెల్మీరో. "మన ఊళ్లో పండక్కి దూడలున్నవాడు దూడనిచ్చాడు, కోడున్నవాడు కోడినిచ్చాడు. కోడివాణ్ణి అర దూడ తెమ్మని ఎవరైనా అన్నారా? అందరం ఒకే గంగాళంలోంచి తిన్నాం."

"ఏటేటా నువ్వే ఇవ్వాలిరా అంటే వాడు దూడల్ని పెంచడం మానేస్తాడు."

"మీ నాన్న మానేశాడా?"

"మా నాన్న తన చేత్తో తోలుకొచ్చి ఇచ్చాడురా. ఊరంతా చూసింది, దండం పెట్టింది. ఇక్కడ జీతం నా చేతికి రాకముందే కోసేస్తారు. ఇచ్చానన్న తృప్తి కూడా నాకు మిగల్చరు. పైగా కిందవాడు నన్ను చూసి, వీడికేం బలిశాడు అంటాడు."

చుట్టూ ఉన్నవాళ్లు బల్ల చరిచారు. ఆ మాటలో పస ఉంది మరి, నాకూ అనిపించింది. బెల్మీరో అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. లేచి నిలబడ్డాడు. టోపీ తీసి, నడుం దాకా వంగాడు.

"అలాగేనండి గాస్పర్ గారూ. తమరు పైనుంచి చూస్తారు, తమకి బాగా కనపడుతుంది. మేం కిందోళ్లం, మాకేం తెలుస్తుందండి."

హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను, గరిటెలో పులుసు ఒలికేంత. ఎవరైనా ఎగతాళికే అన్నాడనుకుంటారు, అతనూ ఎగతాళికే అన్నాడు. కానీ గాస్పర్ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు, నోరు తుడుచుకున్నాడు.

"మీకు పొద్దున్నే పనుందేమో, బెల్మీరో గారూ. ఇక బయల్దేరండి" అన్నాడు.

అంతే. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేది, తిట్టుకి ప్రాయశ్చిత్తం ఉంది. 'మీరు' అన్నదానికి క్షమాపణ ఎలా అడుగుతారు? మర్యాదే కదా అది. వారం తిరిగేసరికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. గాస్పర్ బల్ల దగ్గరికి దిగిరావడం మానేశాడు. బెల్మీరో అద్దాల గదిలోకి వెళ్లడం మానేశాడు. పనిబడి మెట్ల మీద ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకుంటారు.

"బాగున్నారా?"

"బాగున్నానండి. మీరో?"

ఇన్నేళ్లుగా ఇదే మాట. మా ఒడెట్ బడి మానేసి ఆ మిల్లులోనే బట్ట మడతపెట్టే పనిలో చేరాక, మొదటి రోజే వచ్చి అడిగింది, "అమ్మా, వాళ్లిద్దరూ కొత్తగా పరిచయమయ్యారా?" అని.

ఒక క్రిస్మస్‌కి గాస్పర్ మా మేడకి వచ్చాడు. చంకలో సీసా, తల మీద మంచు. నా తలుపు దాటి మెల్లగా పైకి వెళ్లాడు. అడుగుల చప్పుడు రెండో వాటా దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. తలుపు ఇంకొంచెం తెరిచాను. మళ్లీ దిగొచ్చాడు, సీసాతోనే.

"ఏమయ్యా, పైవాటా ఇంకా పైనే ఉంది" అన్నాను.

"మేడ పొరబడ్డానమ్మా" అన్నాడు. మా వీధిలో పదేళ్లు కాపురమున్నవాడు.

ఈ మాట బెల్మీరోకి చెప్పాను, చెప్పకుండా ఉంటానా? ఆ మర్నాటి నుంచి చాలా రోజులు సాయంత్రం పూట రెండో వాటా మలుపులో దీపం వెలుగుతూనే ఉండేది. ఆ దీపం ఖర్చు ఎవరిదని రెండో వాటావాళ్లు గొణిగితే, బల్బు అతనే తెచ్చి పెట్టుకున్నాడని తెలిసింది. అలాంటివాణ్ణి పట్టుకుని పిసినారి అంటారు.

ఇక ఇప్పటి సంగతి. గాస్పర్‌కి గుండె బాగాలేదు. డాక్టరు పని మానమన్నాడు. ఈ శుక్రవారంతో మేస్త్రీగా అతని పని ఆఖరు. యజమానులు మళ్లీ బెల్మీరోనే అడిగారు. అతను కాదంటే బయటినుంచి ఎవరినో తెస్తారట, యజమాని భార్య తరఫు కుర్రాడు, రంగు తొట్టికీ స్నానాల తొట్టికీ తేడా తెలియనివాడు. మిల్లులో ఆడవాళ్లందరికీ ఒకటే బెంగ. వాడొస్తే ఎవరుంటారో, ఎవరు పోతారో. బెల్మీరో మాత్రం వద్దనేశాడు. ఎందుకని అడిగితే పాత పాటే పాడాడు: "పన్ను మెట్టు ఎక్కలేనయ్యా."

పన్ను కాగితాలు నింపే కాలం ఇది. మా సంఘం హాల్లో ఇదలీనా బల్ల వేసుకుని కూర్చుంది. మనవాళ్ల పిల్లే, చదువుకుంది, కాగితానికి ఒక కేకో, డజను గుడ్లో తీసుకుని నింపి పెడుతుంది. గిల్డా మొగుడు అక్కడే బెల్మీరోని పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ప్రభుత్వానికి భయపడి బతుకంతా మెట్ల కిందే గడుపుతావా?"

ఇదలీనా తలెత్తింది. నేను తెచ్చిన తియ్య రొట్టె ముందుకి లాక్కుని ముక్కలు కోసింది.

"చూడు బాబాయ్. ఇది మొదటి ముక్క. దీన్ని ప్రభుత్వం ముట్టుకోదు. రెండో ముక్కలో చిన్న కొరుకు. మూడో ముక్కలో ఇంకాస్త పెద్ద కొరుకు." అన్నంత పనీ చేసింది, కొరుకుతూ చూపించింది. "ఇప్పుడు నువ్వు మేస్త్రీ అయ్యావు, నాలుగో ముక్క వచ్చింది. దాన్ని గట్టిగా కొరుకుతారు, నిజమే. కానీ మొదటి మూడిటి జోలికి మళ్లీ రారు. కొరికినా మిగిలింది నీదే కదా? అంటే నీకు పెరిగిందా, తగ్గిందా?"

హాల్లో ఉన్న మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆయన బతికుంటే ఆ శనివారాలన్నీ తలుచుకుని నెత్తి కొట్టుకునేవాడు. గిల్డా మొగుడు నాలుగో ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు, లెక్క అర్థమైందో లేదో గానీ.

బెల్మీరో మాత్రం ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా" అన్నాడు. "మీ నాన్న చెప్పాడు నాకు, నువ్వు పుట్టకముందు. గాస్పర్ గారు ఇల్లు కొన్న ఏడాది."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక నాకు నిద్ర పడుతుందా? తెలిసీ పన్ను అంటాడేం? పిసినారి అనిపించుకోవడం నయమనిపించేంత పెద్ద సంగతి ఏముంది? ఒడెట్ కూడా మెట్ల దగ్గర కాపు కాసి పట్టుకుంది అతన్ని.

"నాన్నా, మా కోసమైనా ఎక్కు. నువ్వైతే మమ్మల్ని మనుషుల్లా చూస్తావు."

"నువ్వే ఎక్కరాదుటే? మడతల దగ్గర అందరికీ పని చెప్పేది నువ్వే కదా."

"ఆడదాన్ని ఎక్కనిస్తారా?"

"అడిగావా?"

ఒడెట్ కాళ్లీడ్చుకుంటూ లోపలికొచ్చింది. "అమ్మా, నువ్వే అడుగు. నీ నోటికి చెప్పనివాడు లేడు ఈ ఊళ్లో" అంది. బిడ్డ నన్ను పొగిడిందో తెగిడిందో ఆలోచించకుండా, గురువారం సాయంత్రం ఆకుకూర సూపు గిన్నె పట్టుకుని పైకి బయల్దేరాను. మోకాళ్ల నొప్పులతో రెండంతస్తులెక్కి నేను ఎవరింటికీ పోను. మధ్యలో మలుపు దగ్గర ఆగాను, గాస్పర్ ఆగినచోటే.

బెల్మీరో వెనక వసారాలో తాడు లాగుతూ ఆరిన చొక్కాలు తీస్తున్నాడు.

"సూపు తెచ్చావా, ప్రశ్న తెచ్చావా వదినా?"

"రెండూ. సూపు వేడిగానే ఉంది, ముందు ప్రశ్న కానీ."

నాకు కుర్చీ చూపించాడు. కూర్చున్నాక చూశాను. ఆ వసారాలోంచి కొండ మీది వీధి కనపడుతుంది. ఇన్నేళ్లుగా ఈ మేడలోనే ఉంటున్నా ఆ సంగతి నాకు తెలియదు. నా వాటాకి కనపడేది ఎదుటి గోడే. దూరంగా ఇళ్ల వరస, ఒక ఇంటి ముందు చలికి ఎండిన కొమ్మల కంచె. వేసవిలో అది నీలంగా ఉంటుందని వేరే చెప్పక్కర్లేదు. ఉన్న ఒక్క కుర్చీ అటువైపే వేసి ఉంది.

"పన్ను అనకు" అన్నాను. "ఆ రొట్టె నేను చేసిందే."

నవ్వాడు. చొక్కా మడిచి భుజాన వేసుకున్నాడు.

"పన్ను న్యాయమే వదినా. పైనున్నవాడు ఎక్కువ కట్టాలి, ఇప్పుడూ అదే అంటాను. వాడన్నదాంట్లోనూ న్యాయముంది. ఇచ్చినవాడికి ఒక మంచి మాటైనా దక్కాలి. ఆ రోజు ఆ మాట అనడానికి బదులు టోపీ తీశాను."

'వాడు' అన్నాడు. అందరి ముందూ 'ఆయన', 'గాస్పర్ గారు'. ఇక్కడ, ఈ వసారాలో, 'వాడు'. నేను విన్నానని అతనికి తెలిసింది. మొహం తిప్పుకుని బట్టల క్లిప్పులు డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు.

"మరి ఎక్కడానికేమయ్యా?" అన్నాను. "అందరూ నిన్ను మీరు అంటారనా? గాస్పర్ కుర్చీలో కూర్చోడానికి సిగ్గా? పిల్లలంతా నీ మీద ఆశ పెట్టుకున్నారు. ఊరు నిన్ను పిసినారి అంటోంది, ఏడుపుగొట్టు అంటోంది. ఇవన్నీ పడుతూ ఎందుకు కింద కూర్చున్నావు? నాకు చెప్పు."

ఆఖరి క్లిప్పు అతని చేతిలోనే ఉండిపోయింది. ఈ వారం గోళ్లు నీలం.

"రేపు సాయంత్రం వాడు ఆ మెట్లు దిగుతాడు వదినా" అన్నాడు. "దిగినవాడు కూర్చోవాలంటే కింద బల్ల మీద చోటుంది. ఇన్నేళ్లూ అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు నేను. వాడు దిగే వేళకి నేను ఎక్కుతూ కనపడితే, మళ్లీ మెట్ల మధ్యలోనేగా ఎదురుపడేది, బాగున్నారా అంటే మీరో అనుకుంటూ. కింద ఉంటేనే కదా, 'ఒరే, ఇలా వచ్చి కూర్చో' అనడానికుంటుంది."